చంటిపిల్లల నీళ్ళ విరేచనాలు: చెంచాతో జరిగే వైద్యం

గోదావరి డెల్టా ఊళ్ళలో ఓఆర్‌ఎస్ పేరు వినని తల్లి ఇప్పుడు దొరకడం కష్టం. ప్యాకెట్ చాలా ఇళ్ళలో అలమరలోనే ఉంటుంది, లేకపోతే ఆశా కార్యకర్తను అడిగితే ఇస్తుంది. అయినా పొద్దున విరేచనాలు మొదలైన బిడ్డను సాయంత్రానికి బండి మీద ఎక్కించుకుని సెలైన్ కోసం పట్నానికి పరుగెత్తడం తగ్గలేదు. మధ్యలో ఏం జరిగిందని అడిగితే ఎక్కువసార్లు వచ్చే జవాబు ఒకటే. పొద్దున నాలుగు చెంచాలు పట్టారు, మధ్యాహ్నానికీ విరేచనాలు అలాగే అవుతున్నాయి, ఇది పనిచేయడం లేదని మానేశారు.

ఓఆర్‌ఎస్ విరేచనాలను ఆపదు. అది ఆ పని కోసం తయారైన మందే కాదు. పేగు దానంతట అది బాగుపడే వరకు, అంటే సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజుల పాటు, ఒంట్లోంచి పోతున్న నీటినీ లవణాలనూ అదే లెక్కలో తిరిగి లోపలికి చేర్చడం దాని పని. ఆ రోజుల్లో విరేచనాలు అవుతూనే ఉంటాయి, బిడ్డ మాత్రం నీరసపడకుండా నిలబడుతుంది. ప్యాకెట్ ఇచ్చేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పకపోతే ఆ ప్యాకెట్ ఇచ్చీ ఇవ్వనట్టే. విరేచనం ఎన్నిసార్లు అయిందన్నది ఒక లెక్క, బిడ్డ ఒంట్లో నీరు ఎంత మిగిలిందన్నది వేరే లెక్క. ప్రాణం మీదికి వచ్చేది రెండో లెక్క తప్పినప్పుడే.

ఆ లెక్క పసివాళ్ళలో ఎంత తొందరగా తప్పుతుందో చూడండి. పది కిలోల బిడ్డ ఒంట్లోంచి అర లీటరు నీరు పోతే బరువులో 5 శాతం పోయినట్టు. అప్పటికే కళ్ళు లోతుకు పోవడం, దాహం, చిరాకు కనిపిస్తాయి. ఒక లీటరు పోతే 10 శాతం, అది ప్రాణాపాయం. అరవై కిలోల పెద్దమనిషికి అదే స్థితి రావాలంటే ఆరు లీటర్లు పోవాలి. పెద్దవాళ్ళు రెండు రోజులు ఓర్చుకున్న విరేచనాలు పసిబిడ్డను ఒక్క పూటలో పడేయడానికి కారణం ఇదే. కాబట్టి ఓఆర్‌ఎస్ మొదలుపెట్టాల్సింది బిడ్డ వాడిపోయాక కాదు, మొదటి నీళ్ళ విరేచనం అయిన వెంటనే.

ఏది విరేచనం, ఏది కాదు అన్న దగ్గర ఒక మాట. తల్లిపాలు మాత్రమే తాగే నెలల బిడ్డ రోజుకు ఆరేడుసార్లు పసుపుపచ్చగా, పలచగా దొడ్డికి వెళ్ళవచ్చు. బరువు పెరుగుతూ, హుషారుగా పాలు తాగుతూ ఉంటే అది జబ్బు కాదు. బిడ్డకు మామూలుగా అయ్యేదానికంటే పలచగా, ఎక్కువసార్లు, రోజుకు మూడు లేదా అంతకు మించి అవుతుంటే దాన్ని విరేచనాలుగా లెక్కపెట్టాలి.

ఉప్పూ పంచదారా కలిస్తే ఎందుకు పనిచేస్తుంది

రోటా వైరస్ వంటివి పేగు లోపలి పొరను దెబ్బతీసినప్పుడు నీటిని పీల్చుకునే శక్తి తగ్గుతుంది. కలరాలో అయితే పేగే నీటిని బయటికి వదిలేస్తుంది. అయితే ఒక దారి మాత్రం చాలావరకు మూసుకుపోకుండా ఉంటుంది. పేగు గోడ మీద గ్లూకోజునూ సోడియాన్నీ జంటగా లోపలికి లాక్కునే వ్యవస్థ ఒకటుంది. ఆ రెండూ లోపలికి పోతే వాటి వెంట నీరూ పోతుంది. ఉప్పు ఒక్కటే ఇస్తే లాగదు, నీళ్ళు మాత్రమే ఇస్తే పోయిన లవణాలు తిరిగి రావు. అందుకే 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్న ఓఆర్‌ఎస్‌లో లీటరుకు సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోల్‌ల (అణువుల లెక్కకు వాడే కొలత) చొప్పున సరిసమానంగా ఉంటాయి. బరువుల్లో చెబితే లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, మొత్తం 20.5 గ్రాములు. మందుల షాపులో ప్యాకెట్ కొనేటప్పుడు వెనక ఈ అంకెలు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఇది ఎంత బలమైన వైద్యమో 1971లోనే తేలింది. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడింది. నరానికి ఎక్కించే సెలైన్ నిండుకుంది. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని పీపాల్లో నింపించి, రోగుల బంధువుల చేతే పట్టించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. నర్సులు కాదు, తల్లులూ అక్కలూ పట్టిన నీళ్ళవి. 2022లో కన్నుమూసిన ఆయనకు మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు.

గ్లూకోజు వాటా పెరిగితే కథ అడ్డం తిరుగుతుంది. పేగు పీల్చుకోలేని తీపి లోపలే నిలిచి, ఒంట్లోని నీటిని పేగులోకి గుంజుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఉత్త గ్లూకోజు పొడి కలిపిన నీళ్ళు, కూల్‌డ్రింకులు, డబ్బాల్లో వచ్చే పండ్లరసాలు చేసే కీడు ఇదే. ఇన్నాళ్ళూ చిన్న అట్టపెట్టెల్లో ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలతో అమ్మిన తీపి పానీయాలు కూడా ఈ కోవలోవే. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. షాపులో అడిగేటప్పుడు 'పొడి ప్యాకెట్, లీటరుది' అని అడగడం మేలు.

కోనసీమలో మరో ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు ఉండగా కొబ్బరినీళ్ళు చాలవా? కొబ్బరి బోండంలో పొటాషియం పుష్కలం, సోడియం మాత్రం ఓఆర్‌ఎస్‌తో పోలిస్తే చాలా తక్కువ. నీళ్ళ విరేచనాల్లో ఎక్కువగా పోయేది సోడియమే. బిడ్డ హుషారుగా ఉండి, విరేచనాలు కొద్దిగా అవుతున్నప్పుడు అప్పుడే కొట్టిన బోండం నీళ్ళు ఓఆర్‌ఎస్‌తో పాటు నిక్షేపంగా ఇవ్వొచ్చు. కళ్ళు లోతుకు పోయిన బిడ్డకు కొబ్బరినీళ్ళతో సరిపెట్టకూడదు. చిటికెడు ఉప్పు వేసిన గంజి, పలచటి మజ్జిగ, పప్పుకట్టు కూడా అంతే. ఓఆర్‌ఎస్‌కు తోడుగా మంచివి, దానికి బదులుగా కావు.

కలపడంలో జరిగే తప్పులు

ప్యాకెట్లు రెండు రకాలు. పెద్దది, సుమారు 21 గ్రాములది, లీటరు నీటికి. చిన్నది, నాలుగు గ్రాముల పైచిలుకుది, 200 మి.లీ. నీటికి. పెద్ద ప్యాకెట్‌ను ఒక గ్లాసులో కలిపేయడం అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు. అయిదు రెట్లు చిక్కనైన ఆ ద్రవం నోటికి ఉప్పగా తగులుతుంది, దాహాన్ని పెంచుతుంది, రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. దానికి భయపడి పెద్ద ప్యాకెట్‌లోంచి 'కొంచెం కొంచెం' తీసి గ్లాసులో కలిపే అలవాటూ మంచిది కాదు. ప్యాకెట్‌లో ఉప్పు, గ్లూకోజు పలుకులు సమంగా కలిసి ఉంటాయన్న నమ్మకం లేదు. ఒక చెంచాలో ఉప్పెక్కువ, మరో చెంచాలో తీపెక్కువ పడొచ్చు. ప్యాకెట్ విప్పితే మొత్తం ఒకేసారి కలపాలి.

కొలతకు స్టీలు గ్లాసులూ చెంబులూ నమ్మదగ్గవి కావు, ఇంటికొక సైజు ఉంటాయి. లీటరు నీళ్ళ సీసా అన్ని కిళ్ళీకొట్లలో దొరుకుతుంది. దాన్ని సబ్బుతో కడిగి, కొన్నప్పుడు నీళ్ళు ఉన్న మట్టం వరకు నింపి ప్యాకెట్ పోసి, పొడి కరిగేదాకా ఊపితే చాలు. పంచదార, పాలు, హార్లిక్స్ ఏవీ కలపకూడదు. కలిపాక కాచకూడదు. మూత పెట్టి ఉంచి 24 గంటలు దాటగానే, ఎంత మిగిలినా పారబోసి కొత్తది కలపాలి.

నీళ్ళు ముందుగా మరగకాచి చల్లార్చినవైతే మేలు. కళపెళ మరగడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. కాచిన నీళ్ళు లేవని ఓఆర్‌ఎస్ ఆలస్యం చేయడం మాత్రం తప్పు. ఇంట్లో ఉన్నవాటిలో శుభ్రమైన నీటితో మొదలుపెట్టి, మరో పక్క కాచుకోవాలి. అంతర్వేది, సఖినేటిపల్లి, మొగల్తూరు వైపు సముద్రపు ఒడ్డు ఊళ్ళలో అదనపు జాగ్రత్త ఒకటుంది. అక్కడ చాలా బోర్లలో ఉప్పునీరు పడుతుంది. ఆ నీటితో ఓఆర్‌ఎస్ కలిపితే అందులోని ఉప్పుకు ఈ ఉప్పు తోడై లెక్క తప్పుతుంది. కాచినా ఉప్పు పోదు సరికదా ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి తెచ్చుకునే తియ్యటి నీటినే వాడాలి.

ప్యాకెట్ దొరకని రాత్రివేళ ఇంట్లో చేసుకునే కొలత: లీటరు నీటికి తలగొట్టిన (అంచుకు సమం చేసిన) టీ చెంచాలు ఆరు పంచదార, అర టీ చెంచా ఉప్పు. ఉప్పు కొలత దగ్గర చేయి వణక్కూడదు. నోట్లో వేసుకుని చూస్తే కన్నీటికంటే ఉప్పగా ఉండకూడదు. ఇందులో పొటాషియం ఉండదు కనుక తెల్లారేసరికి ప్యాకెట్ తెప్పించుకోవాలి.

పట్టడం

రెండేళ్ళ లోపు బిడ్డకు ప్రతి నీళ్ళ విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ., రెండేళ్ళు దాటినవాళ్ళకు 100 నుంచి 200 మి.లీ. ఇవ్వాలి. రెండు నెలల లోపు పసికందుకు ప్రతిసారీ అయిదు చెంచాలతో మొదలుపెట్టి, ఆలస్యం లేకుండా డాక్టరుకు చూపించాలి. అంకెలు చెప్పడం తేలికే, తల్లి ఓపిక పరీక్షకు వచ్చేది పట్టే పద్ధతిలో.

దాహంతో ఉన్న బిడ్డ గ్లాసు అందితే గటగటా తాగేస్తుంది, మరుక్షణం వాంతి చేసుకుంటుంది. 'ఓఆర్‌ఎస్ పడలేదు' అన్న మాట పుట్టేది అక్కడే. పడనిది ఓఆర్‌ఎస్ కాదు, ఆ వేగం. ఒకటి రెండు నిమిషాలకో చెంచా చొప్పున ఇవ్వాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్ళీ ఇంకా నెమ్మదిగా, రెండు మూడు నిమిషాలకో చెంచా పట్టాలి. ఉగ్గుగిన్నె అలవాటున్న ఇళ్ళలో దాన్నే వాడుకోవచ్చు. ముందుగా అందులో ఎన్ని చెంచాలు పడతాయో ఒకసారి కొలిచి పెట్టుకుంటే లెక్క తెలుస్తుంది. పడుకోబెట్టి పోయకూడదు, తల ఎత్తిపెట్టి పట్టాలి. పాలసీసాలో పోసి ఇవ్వకపోవడం మంచిది. విరేచనాలు తెచ్చిన క్రిమి చాలాసార్లు ఆ సీసా రబ్బరు పీకలోనే ఉంటుంది.

నీరు కొంత పోయినట్టు గుర్తులు కనిపించిన బిడ్డకు, అంటే కళ్ళు లోతుకు పోయి, చిరాకుపడుతూ, నీళ్ళు చూడగానే ఆత్రంగా తాగే బిడ్డకు, కిలో బరువుకు 75 మి.లీ. చొప్పున ఓఆర్‌ఎస్ నాలుగు గంటల్లో నోటితో పట్టాలి. ఎనిమిది కిలోల బిడ్డయితే 600 మి.లీ., గంటకు 150. అయిదు మి.లీ. చెంచాతో గంటకు ముప్పై చెంచాలు, రెండు నిమిషాలకొకటి. అదీ నాలుగు గంటలపాటు. ఒక్క తల్లి వల్ల అయ్యే పని కాదిది. తండ్రి, నాయనమ్మ, మేనత్త వంతులు వేసుకోవాలి. ఇది పీహెచ్‌సీలోనో, ఆసుపత్రిలో ఓఆర్‌ఎస్ పట్టడానికి కేటాయించిన మూలలోనో ఆరోగ్య సిబ్బంది కళ్ళ ముందు చేస్తే ఇంకా మేలు, ఎందుకంటే నాలుగు గంటలయ్యాక బిడ్డను మళ్ళీ పరీక్షించి ఇంటికా, సెలైన్‌కా అని నిర్ణయించాలి.

సెలైన్ సీసా ఎక్కితేనే వైద్యం జరిగినట్టని గట్టి నమ్మకం ఉంది. మామూలు సెలైన్ 0.9 శాతం ఉప్పునీరు, అందులో పొటాషియం లేదు, గ్లూకోజు లేదు. బిడ్డ మింగగలిగినంత కాలం నోటి దారే నరం దారికంటే మంచిది. సూది పోటు లేదు, ఇన్‌ఫెక్షన్ భయం లేదు, ఎక్కువైతే బిడ్డే మొహం తిప్పేసుకుంటుంది. బిడ్డ మగతలోకి జారినప్పుడు, తాగలేనప్పుడు, ఎంత నెమ్మదిగా పట్టినా వాంతి ఆగనప్పుడు మాత్రం నరానికి ఎక్కించడం తప్పనిసరి. అప్పుడు గంట ఆలస్యం కూడా ఖరీదైనదే.

గుర్తులు ఎలా చూడాలి

పొట్ట మీద, బొడ్డుకూ పొట్ట పక్కభాగానికీ మధ్య చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలి పక్కభాగంతో నిలువుగా మడిచి పట్టి, ఒక క్షణం ఉంచి వదలాలి. వెంటనే సర్దుకుంటే మంచిదే. నెమ్మదిగా సర్దుకుంటే కొంత నీరు పోయినట్టు. రెండు సెకన్లు దాటినా మడత నిలిచి ఉంటే తీవ్రం. బొద్దుగా ఉండే బిడ్డలో ఈ గుర్తు ఆలస్యంగా కనిపిస్తుంది, బక్కచిక్కిన బిడ్డలో నీరు పోకపోయినా మడత నిలవొచ్చు. అందుకే ఒక్క గుర్తును పట్టుకోకుండా కళ్ళు, దాహం, హుషారు కలిపి చూడాలి. కళ్ళ సంగతి తల్లినే అడగాలి, మామూలుగా ఎలా ఉంటాయో ఆవిడకే తెలుసు.

మాడు గుంటపడటం పాతకాలం నుంచీ మన ఆడవాళ్ళు గమనించే గుర్తు. సరైన గుర్తే. అయితే మాడు మీద ఆముదం అద్ది ఊరుకుంటే అది పైకి రాదు. ఒంట్లో నీరు తగ్గింది కనుక అది దిగింది, నీరు చేరితేనే లేస్తుంది. ఏడాదిన్నర వయసుకు మాడు సాధారణంగా పూడిపోతుంది కాబట్టి పెద్దపిల్లల్లో ఈ గుర్తు కోసం ఎదురుచూడకూడదు. దిష్టి తీసే ఇళ్ళు తీసుకోవచ్చు, ఆ సమయంలోనూ చెంచా ఆగకూడదు.

మూత్రం మరో గుర్తు. ఆరు నుంచి ఎనిమిది గంటలు మూత్రం పోయకపోతే ప్రమాదం. డైపర్ తొడిగి ఉంటే ఇది తెలియదు, నీళ్ళ విరేచనం డైపర్‌లో ఇంకిపోయి మూత్రంలాగే బరువెక్కుతుంది. జబ్బు నడిచే రోజుల్లో పాత నూలుగుడ్డ కట్టడమే నయం.

ఇంటివైద్యం చాలని సందర్భాలు ఇవి: మగత, తాగలేకపోవడం, మలంలో రక్తం, పచ్చటి పసరు వాంతులు, పొట్ట ఉబ్బడం, తగ్గని జ్వరం, రెండు నెలల లోపు వయసు, ముందునుంచీ బాగా బక్కచిక్కి ఉండటం, పద్నాలుగు రోజులు దాటిన విరేచనాలు. ఏడాది లోపు బిడ్డ ఉండుండి మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తూ, మధ్యలో వాడిపోయి, ఎర్రటి జిగురులాంటి మలం వస్తుంటే పేగులో పేగు చొరబడి ఉండవచ్చు. దానికి ఆసుపత్రిలో, కొన్నిసార్లు ఆపరేషన్‌తో, చికిత్స చేయాలి. గంజినీళ్ళలాంటి విరేచనాలు ధారగా అవుతుంటే, లేదా ఒకే వీధిలో నలుగురైదుగురికి ఒకేసారి పట్టుకుంటే, బిడ్డను తీసుకెళ్తూనే ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంకు కబురు చెప్పాలి. 108కి ఫోన్ చేసి బయల్దేరినా దారి పొడవునా, మింగగలిగితే, చెంచా పడుతూనే ఉండాలి.

లంక గ్రామాలవాళ్ళు నిర్ణయం ఇంకా ముందు తీసుకోవాలి. పగలు పంటు మీద నది దాటితే అరగంటలో తేలే ప్రయాణం, రాత్రి పూట వరద గోదారి మీద అసలు కుదరకపోవచ్చు. జూలై రాకముందే లీటరు ప్యాకెట్లు నాలుగు, జింకు మాత్రల అట్ట ఒకటి ఇంట్లో పెట్టుకోవాలి. వరద హెచ్చరిక ఉన్న రోజుల్లో నెలల బిడ్డకు విరేచనాలు మొదలైతే చీకటి పడకముందే ఒడ్డు దాటడం మేలు.

జింకు, తిండి, అనవసరపు మందులు

జింకు మాత్ర ఓఆర్‌ఎస్‌కు జోడీ. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మి.గ్రా., అంటే ఒక మాత్ర. రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు అర మాత్ర, 10 మి.గ్రా. చెంచాలో కొద్దిగా తల్లిపాలో ఓఆర్‌ఎస్సో పోసి మాత్ర వేస్తే కరుగుతుంది. మొత్తం 14 రోజులు ఇవ్వాలి. మూడో నాటికి విరేచనాలు కట్టగానే మాత్రలు అటకెక్కడం అన్ని ఊళ్ళలోనూ మామూలే. జింకు ఈ జబ్బు రోజులను దాదాపు నాలుగో వంతు తగ్గిస్తుంది, పేగు పొర తిరిగి కట్టుకోవడానికి సాయపడుతుంది, పద్నాలుగు రోజులూ వాడితే తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్ళీ విరేచనాలు వచ్చే అవకాశమూ తగ్గుతుంది. ఈ చివరి లాభం మధ్యలో మానేసినవాళ్ళకు పూర్తిగా దక్కదు.

లంఖణం పరమౌషధం అన్న మాట పెద్దవాళ్ళ అజీర్తికి చెల్లుతుందేమో గాని పసిబిడ్డకు చెల్లదు. తిండి ఆపితే పేగు బాగుపడటం ఆలస్యమవుతుంది, బరువు పడిపోతుంది, ఆ బలహీనతలో మరో జబ్బు వస్తుంది. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపకూడదు, మామూలు కంటే ఎక్కువసార్లు పట్టాలి. 'తల్లికి వేడి చేసింది, పాలు పడలేదు' అని తల్లిని పథ్యం పెట్టడం వల్ల ఇద్దరూ నీరసపడతారు. ఆరు నెలలు దాటిన బిడ్డకు మెత్తటి అన్నంలో పెసరపప్పు కలిపి ఒక చెంచా నూనె గాని నెయ్యి గాని వేసి, పెరుగన్నం, బాగా మాగిన చక్కెరకేళి గాని అమృతపాణి గాని మెదిపి, మూడు నాలుగు గంటలకోసారి కొద్దికొద్దిగా పెట్టాలి. అరటిపండు పోయిన పొటాషియాన్ని తిరిగి ఇస్తుంది. సగ్గుబియ్యం జావ, బార్లీ నీళ్ళు తప్పు కాదు, కానీ రోజంతా వాటితోనే గడిపితే బిడ్డకు బలం అందదు.

పళ్ళు వస్తున్నాయి కాబట్టి విరేచనాలు అనుకుని ఊరుకోవడం మరో ఆలస్యం. పళ్ళు మొలిచే వయసులోనే బిడ్డ పాకడం, కనిపించినదల్లా నోట్లో పెట్టుకోవడం మొదలవుతుంది. అన్నప్రాశన అయి బయటి తిండి, బయటి నీళ్ళు లోపలికి వెళ్ళేదీ అప్పుడే. విరేచనాలు వచ్చేది ఆ దారిన.

ఇక మందులు. ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన తీపి సిరప్ సీసా నీళ్ళ విరేచనాలన్నిటికీ చేతికొచ్చేస్తోంది. ఎక్కువ విరేచనాలు వైరస్‌తో వచ్చేవి, యాంటీబయోటిక్ వాటిని తాకదు. పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపి ఇంకొన్నాళ్ళు విరేచనాలు సాగేలా చేయగలదు. రక్త విరేచనాలకు, కలరాకు అవసరమైన యాంటీబయోటిక్‌ను డాక్టరు ఎంచి రాయాలి. పేగు కదలికను బంధించే లోపరమైడ్ పసిపిల్లలకు ఇవ్వనేకూడదు. విరేచనం ఆగినట్టే కనిపిస్తుంది, నీరు పేగులో నిలిచిపోయి పొట్ట ఉబ్బుతుంది, బిడ్డ మత్తుగా పడుకుంటుంది. ఇంట్లోవాళ్ళు నయమైందనుకుంటారు. విరేచనం ఆగడమే వైద్యమనుకుంటే జరిగే నష్టం ఎంతటిదో ఇక్కడ తెలుస్తుంది.

నీళ్ళ దారి

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టా తాగేదీ కాలువ నీరే, పంట పండించేదీ కాలువ నీరే. విరేచనాల కాలం కూడా కాలువల క్యాలెండరును అనుసరిస్తుంది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు. ఎండలు ముదిరేకొద్దీ చెరువులో మట్టం దిగి అడుగునీరు పంపులోకి వస్తుంది. జూన్‌లో కాలువలు వదిలినప్పుడు మొదటి నీరు ఎండిన కాలువలోనూ పొలాలకు పోయే బోదెల్లోనూ పేరుకున్న చెత్తను మోసుకొస్తుంది. ఆ వెనకే ఎర్రనీరు, వరద. ఈ మూడు సమయాల్లో పసిపిల్లలున్న ఇంట్లో నీళ్ళు కాయకుండా వాడకూడదు.

పటిక తిప్పితే, చిల్లగింజ అరగదీస్తే ఎర్రనీరు తేటపడుతుంది. తేటపడ్డ నీరంతా మంచినీరు కాదు, క్రిమి అందులోనే ఉంటుంది. అయితే తేర్చడం వృథా కూడా కాదు. బురదనీటిలో క్లోరిన్ బురదకే ఖర్చయిపోతుంది కనుక ముందు తేర్చి, వడకట్టి, ఆ తర్వాత క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి. మాత్రల బలం రకరకాలుగా ఉంటుంది, అట్ట మీద ఎన్ని లీటర్లకు ఒకటని రాసి ఉంటే అంతే. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. పంచాయతీ సిబ్బంది దగ్గరుండే చిన్న కిట్‌తో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. వీధి చివరి కుళాయి దగ్గర చూడమని అడగాలి, ట్యాంకు పక్క కుళాయిలో ఎప్పుడూ బాగానే ఉంటుంది.

నీరు ట్యాంకు దాటాక కూడా చెడుతుంది. పైపులు చాలాచోట్ల మురుగుకాలువ పక్కనుంచో లోపలినుంచో పోతాయి. నీళ్ళు వదలని వేళ పైపు ఖాళీ అయి, పగులు ఉంటే చుట్టూ ఉన్న మురుగును పీల్చుకుంటుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగితే ఆ పీల్పు ఇంకా ఎక్కువ, వీధంతటికీ ప్రమాదం. నీళ్ళు వదిలిన మొదటి కొన్ని నిమిషాలు వదిలేసి తర్వాత పట్టుకోవాలి. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళను గుడ్డిగా నమ్మడానికీ లేదు. ఆర్‌ఓ నీటిలో క్లోరిన్ మిగలదు, కడగని క్యాన్‌లో, చేతులు ముంచిన గ్లాసుతో అది తేలిగ్గా పాడవుతుంది.

నీటితో సమానంగా పట్టించుకోవాల్సినవి చేతులు. బిడ్డ ముడ్డి కడిగాక, వండే ముందు, తినిపించే ముందు సబ్బుతో కడగాలి. చంటిబిడ్డ మలం ఏం చేయదులే అని పెరట్లోనో బోదెలోనో పారేస్తారు, పెద్దవాళ్ళ మలంలో ఉన్నంత క్రిమి దానిలోనూ ఉంటుంది. అది మరుగుదొడ్డిలోనే పడాలి.

జబ్బు తగ్గాక రెండు వారాలపాటు బిడ్డకు రోజుకొక పూట తిండి అదనంగా పెట్టాలి, పోయిన బరువు అలాగే తిరిగి వస్తుంది. అదే సమయంలో టీకాల కార్డు ఒకసారి తీసి చూడాలి. దేశంలో రోటా వైరస్ చుక్కలు 2016లో మొదట అందిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాలకు నోట్లో వేస్తారు, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. రోటా వల్ల వచ్చే తీవ్ర విరేచనాలను ఇవి చాలావరకు తగ్గిస్తాయి, మిగతా క్రిములను ఆపలేవు. మొదటి మోతాదు ఏదైనా కారణంతో తప్పిపోయినా ఏడాది నిండేలోపు వేయించవచ్చు. ఒకసారి మొదలుపెట్టాక మిగతా రెండూ నాలుగేసి వారాల ఎడంతో పూర్తిచేస్తారు. కార్డులో ఆ గడి ఖాళీగా ఉంటే వచ్చే టీకాల రోజునే ఏఎన్‌ఎంను అడగాలి.